పాత కారు ప్రశ్నలు – జవాబులు: అద్దం మీద నీళ్లు పడకపోతే

ముందద్దం కడిగే వాషర్ గురించి ఈసారి ఆరు ఉత్తరాలున్నాయి. పాత కారు కొన్నవాళ్లు ఇంజను, బ్రేకులు, రంగు చూసుకుంటారు గానీ దీని జోలికి పోరు. లారీ వెనకాల పోతున్నప్పుడు బురద చిమ్మి దారి కనబడకుండా పోయిన ఆ రెండు మూడు సెకన్లలోనే దీని విలువ తెలిసొచ్చేది. నీళ్లు లేకుండా బురద మీద వైపర్ తిప్పితే అద్దం శుభ్రపడదు సరికదా, ఇసుక రేణువులు గీతలు పెట్టేస్తాయి. పాత కార్లకు మళ్లీ ఆ అద్దం దొరకడం ఎంత కష్టమో మీకు తెలిసిందే.

స్పానర్ పట్టుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీ కారులో నీళ్లను నెడుతున్నది ఏది? చెయ్యా, మోటారా, గాలా? మూడు రకాల్లోనూ బాటిల్, పైపులు, అద్దం మీదికి నీళ్లు చిమ్మే జెట్లు చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ ఒక రకానికి చేసే రిపేరు ఇంకో రకాన్ని పాడుచేస్తుంది. కింది ఉత్తరాల్లో ఒకటి అలాంటిదే.

ప్రశ్న: మాది 1994 డీజిల్ అంబాసిడర్. నెల కిందట వాషర్ మోటారు కొత్తది వేయించాం. బటన్ నొక్కితే గుర్రుమని శబ్దం వస్తోంది, నీళ్లు మాత్రం ఎడమ జెట్టులోంచి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. మోటారు మళ్లీ మార్చాలా? – ఒక పాఠకుడు, విజయవాడ

ఇప్పుడే మార్చకండి. మోటారు తిరుగుతోందంటే ఫ్యూజు, బటన్, వైర్లు చాలావరకు బాగున్నట్టే. ఇక చూడాల్సింది నీళ్ల దారి. పంపు నుంచి జెట్ల వైపు వెళ్లే పైపును పంపు దగ్గరే ఊడదీయండి. పంపు మూతికి జానెడు పైపు ముక్క తొడిగి, కొస టీ గ్లాసులో పెట్టి, ఒకరి చేత పది సెకన్లు బటన్ నొక్కించండి. గ్లాసు నిండాలి, అంటే కనీసం 150 మి.లీ. రావాలి. వస్తే పంపు మంచిదే, అడ్డు జెట్ల వైపు ఉంది. రాకపోతే తప్పు పంపులోనో బాటిల్‌లోనో ఉంది.

మీరు పంపు ఈమధ్యే మార్పించారు కాబట్టి మొదటి అనుమానం తారుమారైన వైర్ల మీదే. ఈ చిన్న పంపుల్లో ఉండేది శాశ్వత అయస్కాంతం మోటారు. ప్లస్, మైనస్ అటూ ఇటూ అయితే వెనక్కి తిరుగుతుంది. శబ్దంలో తేడా ఏమీ తెలియదు, కానీ లోపలి రెక్కల చక్రం నీళ్లను సరిగ్గా విసరలేదు. పంపుకు రెండు వైర్లు వస్తుంటే వాటిని మార్చి రెండు సెకన్లు నొక్కి చూడండి, నష్టమేమీ లేదు. ఒకే వైరు ఉండి పంపు ఒళ్లే ఎర్త్ అయ్యే పాత రకమైతే మాత్రం ఈ పని చెయ్యకూడదు. పంపుకు నీళ్లు బయటికి పోయే మూతులు రెండు ఉన్నాయా అన్నది కూడా చూడండి. ముందద్దానికీ వెనకద్దానికీ కలిపి వాడే కొత్త కార్ల పంపు అది. ఒకవైపు తిరిగితే ఒక మూతి, రెండోవైపు తిరిగితే రెండో మూతి తెరుచుకుంటుంది. మీవాళ్లు మూసేసిన మూతి వైపే తిరుగుతుంటే అద్దం మీదికి రావాల్సిన నీళ్లు రావు.

రెండో అనుమానం, పంపు బిగించిన ఎత్తు. రెక్కల పంపు కింద నుంచి నీళ్లను పైకి లాక్కోలేదు, తన దాకా వచ్చిన నీళ్లను ముందుకు నెట్టగలదు, అంతే. అందుకే అది బాటిల్ అడుగున ఉండే రబ్బరు బుష్‌లో దిగాలి, లేదా నీటి మట్టానికి కిందైనా ఉండాలి. బాటిల్ పక్కన జాగా లేదని బాడీకి పైన బిగిస్తే అది గాలినే తిప్పుతూ కూర్చుంటుంది. ఎక్కువసేపు అలా పొడిగా తిరిగితే సీలు కూడా పోతుంది.

మూడోది మూత. ఈ రకం బాటిల్ మూతకు సూది మొనంత గాలి రంధ్రం ఉండాలి. దుమ్ము, గ్రీజు చేరి అది పూడిపోతే లోపల వాక్యూమ్ ఏర్పడుతుంది. మొదటి రెండు సెకన్లు బాగా చిమ్మి, ఆ తర్వాత ధార సన్నబడుతుంది, బాటిల్ ఒళ్లు కాస్త లోపలికి నొక్కుకుపోతుంది. మూత వదులు చేసి బటన్ నొక్కండి. ధార పుంజుకుంటే దొంగ దొరికినట్టే.

గ్లాసు నిండిందీ అంటే పైపు చూడాలి. చాలామంది మెకానిక్కులు సెలైన్ ట్యూబు వేసేస్తారు. అది ఇంజను వేడికి మెత్తబడి, బానెట్ కీలు దగ్గర వంపులో మడతపడి మూసుకుపోతుంది. వేళ్లతో తడుముతూ పోతే అంటుకుపోయిన చోటు చేతికి తెలుస్తుంది. దాని బదులు 4 మి.మీ. లోపలి వ్యాసమున్న మందపాటి రబ్బరు పైపు గానీ, చేపల తొట్టి సామాన్ల దుకాణంలో దొరికే సిలికాన్ పైపు గానీ రెండు మీటర్లు కొనండి. ఎడమ వైపు ఒక్కటే కారుతోందని రాశారు కాబట్టి, పైపు రెండుగా చీలే టీ ముక్కనూ ఊడదీసి నోటితో ఊది చూడండి, అయితే బాటిల్‌లో ఉన్నది మామూలు నీళ్లే అయితేనే.

ప్రశ్న: బటన్ నొక్కిన నాలుగైదు సెకన్లకు గానీ నీళ్లు రావు. అప్పటికి వైపర్లు పొడి అద్దం మీద రెండుసార్లు తిరిగేస్తున్నాయి. – ఒక పాఠకురాలు, నెల్లూరు

పైపులో ఉండాల్సిన నీళ్లు ప్రతిసారీ వెనక్కి, బాటిల్‌లోకి జారిపోతున్నాయి. వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు, అంటే నాన్ రిటర్న్ వాల్వు లేకపోవడమో, చెడిపోవడమో కారణం. కొత్తది టీ ముక్కకు ముందు, జెట్లకు వీలైనంత దగ్గరగా, బాణం గుర్తు జెట్ల వైపు ఉండేలా వెయ్యండి. నోటితో ఊదితే ఒకవైపే గాలి పోవాలి. చేపల తొట్టి వాల్వు కూడా ఇక్కడ పనిచేస్తుంది. వాల్వు పెట్టాక కూడా ఆగి ఉన్న కారులో నీళ్లు జెట్టులోంచి వాటంతటవే కారుతుంటే బాటిల్ జెట్ల కన్నా ఎత్తులో ఉందని అర్థం. అప్పుడు స్ప్రింగుతో మూసుకునే రకం వాల్వు కావాలి.

ప్రశ్న: జెట్లు నెలకోసారి మూసుకుపోతున్నాయి. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు వృథా కాకూడదని వాటినే పోస్తున్నాం. కొంచెం షాంపూ కూడా కలుపుతాం. – ఒక పాఠకుడు, హైదరాబాద్

మీ మంచి ఉద్దేశమే జెట్లను మూసేస్తోంది. ఆర్‌ఓ మిషన్ పక్కకు వదిలే నీళ్లలో అసలు బోరు నీళ్ల కన్నా లవణాలు ఎక్కువగా ఉంటాయి, మనం తాగే నీళ్లలోంచి తీసేసినవన్నీ వాటిలోకే చేరతాయి కాబట్టి. అవి బానెట్ వేడికి జెట్టు మూతి దగ్గర ఆరిపోయి సున్నం కడతాయి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోండి. బాటిల్‌లో మాత్రం ఆర్‌ఓ మంచినీళ్లు గానీ, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ పోయండి.

ఇప్పుడున్న సున్నం వదలాలంటే, జెట్లు ఊడదీసి 200 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి అందులో వేయండి. ఇత్తడి జెట్టయితే అరగంట ఉంచవచ్చు. క్రోమ్ పూత ఉన్న పాత జెట్లు చాలావాటికి లోపల జింకు పోత ఉంటుంది, దాన్ని ఆమ్లం తినేస్తుంది. పది నిమిషాలకోసారి తీసి చూస్తూ, బుడగలు రావడం ఆగగానే మంచినీళ్లతో కడిగేయండి. బాత్‌రూము కడిగే యాసిడ్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. ఆ తర్వాత వైరు లోపలి సన్నని రాగి తీగ ఒక్కదాన్ని రంధ్రంలోంచి పోనివ్వండి. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ధార అద్దం దాకా అందదు. ఎప్పుడైనా లోపలి నుంచి బయటికి కాకుండా బయటి నుంచి లోపలికి గాలి కొట్టండి, చెత్త వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

షాంపూ మానేయండి. నురగ వస్తుంది, ఎండకు అద్దం మీద జిడ్డు చారలు మిగులుతాయి, రాత్రి ఎదుటి బండి లైటు పడితే ఏమీ కనబడదు. కార్ల అద్దాల కోసం అమ్మే వాషర్ ద్రవం, సీసా మీద రాసిన కొలతలో కలపండి. రెండు కంపెనీలవి కలిపితే ఒక్కోసారి జిగురులా గడ్డకడతాయి, అందుకే మార్చేటప్పుడు పాతది పూర్తిగా వంపేయాలి.

బాటిల్ గోడలకు పాకురు పట్టి ఉంటే లీటరు నీళ్లకు 5 మి.లీ. చొప్పున బట్టల బ్లీచు కలిపి, పావుగంట ఉంచి, మూడుసార్లు కడగండి. నిమ్మ ఉప్పు పెట్టిన రోజు బ్లీచు వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. పాకురును తేలిగ్గా తీసుకోకండి. ద్రవం కలపని ఉత్త నీళ్లు వాషర్‌లో పోసుకునే డ్రైవర్లకు లెజియనెయిర్స్ అనే న్యుమోనియా ముప్పు ఎక్కువని ఇంగ్లండ్‌లో జరిగిన పరిశీలన 2010లో వెలువడింది. నిలవ ఉండి వెచ్చబడిన నీళ్లలో ఆ బ్యాక్టీరియా పెరిగి, జెట్టు తుంపరలతో పాటు ఊపిరిలోకి పోతుంది.

ప్రశ్న: మా ప్రీమియర్ పద్మిని కారుకు డాష్‌బోర్డులో చేత్తో నొక్కే వాషర్ పంపు ఉంది. నొక్కితే ఏమీ రావడం లేదు. దీన్ని తీసేసి మోటారు పెట్టించమంటున్నారు. – ఒక పాఠకుడు, వరంగల్

తీసేయకండి. దానికి కరెంటు అక్కర్లేదు, కాలిపోయేదీ ఏమీ లేదు. పైగా జబ్బేమిటో నొక్కే వేలికే చెబుతుంది. లోపల ఒక రబ్బరు కప్పు, రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి నీళ్లు లోపలికి రానిస్తుంది, రెండోది బయటికి పోనిస్తుంది. నొక్కుడు గట్టిగా ఉండి ముందుకు పోనంటే జెట్ల వైపు అడ్డుంది. సులువుగా లోపలికి పోయి, వదిలాక బరువుగా, మెల్లగా వెనక్కి వస్తే బాటిల్ వైపు అడ్డుంది, అంటే బాటిల్‌లో దిగిన పైపు కొసన ఉండే జల్లెడ పూడిపోయింది. నొక్కడమూ తేలికే, రావడమూ తేలికే, నీళ్లు మాత్రం లేవంటే పంపు గాలి పీలుస్తోంది. బాటిల్ నుంచి పంపు దాకా పైపులో చీలిక ఉండి ఉండాలి, లేదా రబ్బరు కప్పు ఎండి ముడుచుకుపోయి ఉండాలి.

పైపు కొసలే ముందు చీలేది. చెరో సెంటీమీటరు కోసేసి, కొస వేడినీళ్లలో ముంచి తొడగండి. కప్పు ఎండితే పంపు విప్పి, కప్పు అంచును రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. సన్నని పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. పగుళ్లు లేకుండా బిరుసెక్కిందంతే అయితే మందుల దుకాణంలో దొరికే గ్లిజరిన్ పూసి రాత్రంతా ఉంచండి, తర్వాత కొంచెం సిలికాన్ గ్రీజు రాసి బిగించండి. ఇంజనాయిల్, మామూలు గ్రీజు రాస్తే సహజ రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు దొరక్కపోతే ఒక చుక్క ఆముదం చాలు, అది సహజ రబ్బరును పాడుచేయదు. పాతకాలపు బ్రేకు ద్రవాలకు ఆముదమే మూలం కూడా. కాకపోతే ఏడాదికి అది జిగటెక్కుతుంది కాబట్టి మళ్లీ శుభ్రం చేసుకోవాలి.

కొత్తగా బిగించాక పది పదిహేనుసార్లు నొక్కితే గానీ గాలి పూర్తిగా బయటికి పోదు. మొదటి రెండు నొక్కుళ్లకే నిరాశపడకండి.

ప్రశ్న: మా స్టాండర్డ్ హెరాల్డ్ కారులో వాషర్ బటన్ నొక్కితే అసలు చప్పుడే లేదు. మీటరు పెడితే పంపు దగ్గర 12 వోల్టులు చూపిస్తోంది. – ఒక పాఠకుడు, రాజమండ్రి

మీటరు మిమ్మల్ని మోసం చేస్తోంది. తుప్పు పట్టిన కనెక్షన్‌లోంచి కూడా మీటరుకు కావలసిన పిసరంత కరెంటు దాటుతుంది, అందుకే 12 చూపిస్తుంది. మోటారుకు కొన్ని ఆంపియర్లు కావాలి, అవి దాటవు. పంపు వైర్లు ఊడదీసి, వాటి మధ్య బ్రేకు లైటుకు వాడే 21 వాట్ల బల్బు పెట్టి బటన్ నొక్కండి. బల్బు పూర్తిగా వెలిగితే పంపే చెడింది. మసకగా వెలిగితే ఎర్త్ వైరును బ్యాటరీ మైనస్ కొసకు నేరుగా కలిపి చూడండి, మీ కారులో ప్లస్ ఎర్త్ అయితే, అంటే బ్యాటరీ ప్లస్ కొసే బాడీకి కలిపి ఉంటే, ప్లస్ కొసకు. అప్పుడు బాగా వెలిగితే ఎర్త్ దగ్గర రంగు గీకి, తుప్పు తీసి బిగిస్తే సరిపోతుంది. అప్పటికీ మసకే అయితే బటన్ లోపలి రాగి రేకులు నల్లబడి ఉంటాయి.

ఏళ్లుగా పొడిగా పడి ఉన్న పంపు అయితే చక్రం పట్టేసి ఉంటుంది. అలాంటి దానికి కరెంటు ఇస్తూ పోతే తీగచుట్ట కాలుతుంది. ముందు గోరువెచ్చని నీళ్లలో ఒక గంట నానబెట్టి, ఇరుసు చేత్తో కదిలించగలిగితే కదిలించి, ఆ తర్వాతే ఇవ్వండి.

ఫ్యూజు గురించి ఒక మాట. పాత లూకాస్ కంపెనీ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే అంకె, నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. దుకాణంలో 35 అని అడిగితే ఇప్పటి లెక్కలో నిలకడగా 35 మోసే ఫ్యూజు ఇస్తారు, ఫ్యూజు కన్నా ముందు వైరు కాలుతుంది. 15 ఆంపియర్లది అడగండి.

ప్రశ్న: నా దగ్గర 1970 ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఉంది. వాషర్ నీళ్లు మొదట్లో బాగానే వచ్చేవి, ఇప్పుడు బొత్తిగా రావడం లేదు. మూతలో గాలి రంధ్రం లేదని గమనించి డ్రిల్లు చేశాను, ఇంకా పాడైంది. డాష్‌బోర్డు కింద కార్పెట్ కూడా తడుస్తోంది. ఇక్కడ చలికాలం వచ్చేస్తోంది. – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

మొదట ఆ మూత కొత్తది కొనండి. అంబాసిడర్ మూతకు రంధ్రం ప్రాణం, బీటిల్ మూతకు అదే చావు. మీ కారులో పంపు లేదు, మోటారు లేదు. కారు ముందు భాగంలోని డిక్కీలో ఉన్న స్టెప్నీ టైరు గాలే నీళ్లను నెడుతుంది. టైరు వాల్వు నుంచి ఒక గొట్టం బాటిల్‌కు వస్తుంది, ఆ గాలి నీళ్ల మీద ఒత్తిడి పెట్టి ఉంచుతుంది, వైపర్ స్విచ్చు మధ్యలోని బటన్ నొక్కితే అక్కడున్న చిన్న వాల్వు తెరుచుకుని నీళ్లు జెట్టుకు వెళతాయి. బాటిల్ ఎక్కడ గాలి వదిలినా కథ అయిపోయినట్టే.

స్టెప్నీకి 42 పిఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) గాలి ఉండాలి. గొట్టం కొసన ఉన్న వాల్వు సుమారు 26 దగ్గర మూసుకుంటుంది, దారిలో పంక్చరయితే స్టెప్నీ వాడుకునేలా ఉండాలి కాబట్టి. ఈ రెండు అంకెలతోనే జబ్బు తేల్చవచ్చు. గొట్టం ఊడదీసి టైరుకు గేజి పెట్టండి. 26 దరిదాపుల్లో ఉంటే గాలి పోయింది గొట్టం, బాటిల్, మూతల్లో ఎక్కడో. దానికన్నా బాగా తక్కువుంటే టైరే కారుతోంది, లేదా మూసుకోవాల్సిన వాల్వు మూసుకోవడం లేదు. 42కు నింపి, గొట్టం తగిలించకుండా రెండు రోజులు ఉంచి మళ్లీ చూడండి. నిలిస్తే టైరు మంచిదే. ఒక బాటిల్ నీళ్లు చిమ్మినందుకు టైరులో తగ్గేది కొద్ది పిఎస్‌ఐలే, కాబట్టి వారంలో 42 కాస్తా 26కు వచ్చిందంటే లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు బ్రష్షుతో మూత చుట్టూ, గొట్టం కొసల దగ్గర రాసి బుడగలు చూడండి.

నింపే ముందు టైరు వయసు చూడండి. గోడ మీద కోడు చివర నాలుగు అంకెలుంటాయి. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైంది. మూడే అంకెలుంటే 2000 కన్నా ముందుది. పగుళ్లు తేలిన పాత టైరుకు 42 పెట్టడం ప్రమాదం. టైరు గోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడిని కూడా ఎప్పుడూ దాటకండి.

కార్పెట్ తడుస్తున్న సంగతి అన్నిటికన్నా ముందు చూడాలి. బాటిల్ నుంచి వచ్చే గొట్టం, జెట్టుకు పోయే గొట్టం రెండూ డాష్‌బోర్డు వెనక స్విచ్చుకే తగులుకుంటాయి, చుట్టూ వైర్లు. బ్యాటరీ కేబులు తీసి, టైరు దగ్గర గొట్టం ఊడదీసి, బాటిల్ మూత మెల్లగా తిప్పి గాలి వదిలేయండి. ఆ తర్వాతే డిక్కీ తెరిచి వెనక అట్ట తొలగించి స్విచ్చు చూడండి. గొట్టం కొస బిరుసెక్కి చీలి ఉంటే కోసి, కొత్త భాగాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి తొడిగి చిన్న క్లిప్పు వేయండి. స్విచ్చు మూతులు ప్లాస్టిక్‌వి, పాతబడి పెళుసెక్కి ఉంటాయి, పక్కకు వంచి లాగితే పుటుక్కున విరుగుతాయి. పైపు బిగిసిపోతే లాగకుండా బ్లేడుతో నిలువుగా చీల్చి తీయండి. నీళ్లు స్విచ్చు ఒంట్లోంచే కారుతుంటే స్విచ్చు మార్చాలి. పైన చెప్పిన చేపల తొట్టి పైపు, వాల్వు ఇక్కడ వద్దు, ఈ ఒత్తిడికి ఉబ్బి ఊడిపోతాయి.

చలి సంగతి. ఎండాకాలం పోసిన నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా వ్యాకోచించి బాటిల్‌నూ స్విచ్చులోని వాల్వునూ పగలగొడతాయి. అక్కడ మీకు సున్నా కింద 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 29 సెల్సియస్ దాకా పనికొస్తుందని రాసిన చలికాలం ద్రవం ఎక్కడైనా దొరుకుతుంది. బాటిల్ ఖాళీ చేసి అది పోస్తే సరిపోదు, పైపుల్లో మిగిలిన నీళ్లు పోయి జెట్టులోంచి ఆ ద్రవం రంగు కనిపించేదాకా బటన్ నొక్కాలి. అందులో మెథనాల్ ఉంటుంది, కొద్దిగా మింగినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. ఆ పైపు నోట్లో పెట్టి పీల్చడం, ఊదడం రెండూ వద్దు. రేడియేటర్ కూలెంట్ కలపకండి, అద్దం మీద జిడ్డు పొర కడుతుంది.

ఇక నుంచి నీళ్లు పోసే ప్రతిసారీ టైరు దగ్గర గొట్టం ముందు ఊడదీయండి, మూత తర్వాత. వరుస తప్పితే ఒత్తిడిలో ఉన్న ద్రవం ముఖాన చిమ్ముతుంది.